నిండితే కారే డిఫ్: ఆర్‌సీ కారు గేర్ డిఫరెన్షియల్‌ను తడి లేకుండా కట్టుకోవడం

"కారు కారుతోందిరా" అంటే మా బెజవాడ పటమట కుర్రాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నాకు మాత్రం మొదటి రెండేళ్లూ అందులో నవ్వేమీ కనిపించలేదు. నాది రిమోట్‌తో నడిపే ఆర్‌సీ కారు, 1/8 స్కేలు (అసలు కారులో ఎనిమిదో వంతు) ఆఫ్‌రోడ్ బగ్గీ. నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తుంది, లోపల మూడు డిఫ్‌లుంటాయి: ముందొకటి, మధ్యలో ఒకటి, వెనకొకటి. ఓ ఆదివారం శుభ్రంగా ఆయిల్ పోసి మూసేవాణ్ణి. మూడో ఆదివారానికి ఏదో ఒక డిఫ్ దగ్గర తడి, ఆ తడి మీద దుమ్ము, రెండూ కలిసి నల్లటి ముద్ద. స్క్రూలు ఇంకాస్త బిగించేవాణ్ణి. అది ఇంకాస్త కారేది.

డజను సార్లు విప్పి కట్టాక తెలిసొచ్చింది. లీకులో ముప్పావు వంతు మనం కట్టేటప్పుడే పుడుతోంది. ఆయిల్ ఎక్కువ పోస్తాం, స్క్రూ ఎక్కువ బిగిస్తాం, ఓరింగ్‌ను (ఇరుసు చుట్టూ ఉండి ఆయిల్‌ను ఆపే రబ్బరు రింగు) లోపలికి తోస్తూ తోస్తూనే కోసేస్తాం. కొత్త డిఫ్ కొని తెచ్చినా ఇవే చేతులతో కడితే అదీ కారుతుంది. అందుకే కొనడం గురించి తక్కువ, కట్టడం గురించి ఎక్కువ రాస్తున్నాను.

లోపల ఏం జరుగుతోంది

డిఫ్ పని తెలిసినవాళ్లు ఈ భాగం దాటేయొచ్చు. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం తిరగాలి. ఆ తేడాను సర్దేది డిఫ్. చిన్న డబ్బా, అందులో రెండు పక్కలా రెండు సన్ గేర్లు, వాటి మధ్య అడ్డపిన్నుల మీద తిరిగే చిన్న స్పైడర్ గేర్లు. డబ్బా మూత స్థానంలో పెద్ద రింగ్ గేరు ఉంటుంది. సన్ గేర్ల నుంచి రెండు ఇరుసులు బయటికి వస్తాయి, వాటినే అవుట్‌డ్రైవ్ అంటాం. లోపలంతా చిక్కటి సిలికాన్ ఆయిల్. గేర్ల పళ్లు ఆ ఆయిల్‌ను నలుపుకుంటూ తిరగాలి కాబట్టి, ఆయిల్ ఎంత చిక్కగా ఉంటే రెండు చక్రాల మధ్య తేడా అంత నెమ్మదిగా వస్తుంది.

ఆ చిక్కదనాన్ని సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు. నీళ్లు ఒకటి దగ్గర ఉంటాయి. మన ఆముదం గది వేడిలో వెయ్యి లోపే. బగ్గీ డిఫ్‌లో పోసేది మూడు వేల నుంచి పదివేల దాకా. చాలామంది 5-7-3తో మొదలుపెడతారు, అంటే ముందు 5000, మధ్యలో 7000, వెనక 3000.

లీకు వల్ల అసలు నష్టం ఆయిల్ ఖర్చు కాదు. సీసా మీద ఏ నంబరున్నా, డబ్బాలో సగమే మిగిలితే ఆ నంబరుకి అర్థం లేదు. వెనక డిఫ్ ఖాళీ అవుతుంటే మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు లోపలి చక్రం ఊరికే గిర్రున తిరుగుతుంది. మధ్య డిఫ్ పని ముందు, వెనక చక్రాలకు పవర్ పంచడం; అది ఖాళీ అయితే యాక్సిలరేటర్ నొక్కగానే పవరంతా ముందు టైర్లకు పోయి అవి ఉబ్బుతాయి, కారు మాత్రం సరిగా ముందుకు దూకదు. మనమేమో టైర్లు అరిగాయేమో, షాక్‌ల ఆయిల్ మార్చాలేమో అని ఇంకెక్కడో వెతుకుతుంటాం. నేనైతే ఒకసారి మూడు రకాల టైర్లు మార్చాను.

ముందు, కారేది ఎక్కడో తేల్చుకోండి

విప్పే తొందరలో చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు. విప్పి కడిగేశాక లీకు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

గేర్‌బాక్స్ నుంచి డిఫ్‌ను బయటికి తీసి, బయటివైపు మాత్రమే తుడవండి. గేర్‌బాక్స్ లోపల రింగ్ గేరుకు రాసిన గ్రీజును చూసి లీకు అనుకోవద్దు. గ్రీజు నల్లగా, ముద్దగా ఉంటుంది. డిఫ్ ఆయిల్ రెండు వేళ్ల మధ్య రుద్దితే గాజు మీద జారినట్టు జారుతుంది, తుడిచినా వేలు జిడ్డు వదలదు.

తుడిచాక డిఫ్ మీద పల్చగా టాల్కమ్ పౌడర్ చల్లండి. ఒక అవుట్‌డ్రైవ్‌ను పట్టుకుని రెండోదాన్ని ఓ వందసార్లు తిప్పండి. తర్వాత టిష్యూ పరిచి, ఒక అవుట్‌డ్రైవ్ కిందికి వచ్చేలా రాత్రంతా నిలబెట్టండి. మర్నాడు తిరగేసి మళ్లీ ఓ రాత్రి. పౌడర్ ఎక్కడ నల్లబడి తడిసిందో అక్కడే మీ దొంగ.

అవుట్‌డ్రైవ్ చుట్టూ తడిస్తే ఓరింగ్ గానీ, ఇరుసు గానీ, బేరింగ్ గానీ. డబ్బాకీ రింగ్ గేరుకీ మధ్య గీతలా తడిస్తే గ్యాస్కెట్ (రెండు అంచుల మధ్య పెట్టే పల్చటి కాగితం అడ్డు) లేదా బిగింపు. స్క్రూ తల కింద తడిస్తే మరలు జారాయి, లేదా స్క్రూ రంధ్రం పక్కన డబ్బా చీలింది. ఎక్కడా తడి లేకుండా ఆయిల్ మాత్రం తగ్గినట్టనిపిస్తే, అసలు మొదట్లోనే గాలి బుడగలతో మూసి ఉంటారు.

విప్పడం, కడగడం

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. మంచి స్టీలు మొన ఉన్న 2, 2.5 మి.మీ. హెక్స్ డ్రైవర్లు, పాత టూత్‌బ్రష్, ఓ పాత గిన్నె, టిష్యూ, 800, 1000 నంబరు వాటర్ పేపర్లు (తడిపి రుద్దే గరుకు కాగితాలు), చదునైన అద్దం ముక్క, సన్న కొలతలు తీసే వెర్నియర్. వీటితోపాటు 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ నగల కాటా. ఇది ఎందుకో తర్వాత చెబుతాను, కానీ ఈ జాబితాలో నేను వదులుకోలేని వస్తువు అదే.

స్క్రూలు ఒక్కసారిగా ఒకటే పూర్తిగా తీయొద్దు. నాలుగింటినీ తలా అర చుట్టు వదులు చేసి, తర్వాత తీయండి. మూత తెరిచిన క్షణమే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఏ షిమ్ (సందు సర్దే పల్చటి వాషర్) ఎక్కడుందో, సన్నదా మందమా అన్నది కడిగాక గుర్తుండదు. నాకు గుర్తుంటుందిలే అనుకున్న ప్రతిసారీ ఒక షిమ్ మిగిలిపోయింది.

సిలికాన్ ఆయిల్ కడగడం కాస్త మొండి పని. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్ చిక్కటి డిఫ్ ఆయిల్ మీద సరిగా పనిచేయదు, జిడ్డును అటూ ఇటూ జరుపుతుందంతే. పెయింట్ షాపులో దొరికే టర్పెంటాయిల్ బాగా వదలగొడుతుంది. గేర్లు, డబ్బా అందులో పది నిమిషాలు నాననిచ్చి బ్రష్‌తో రుద్ది, తర్వాత వేడినీళ్లూ గిన్నెలు తోమే సబ్బూ పెట్టి కడిగి పూర్తిగా ఆరనివ్వండి. థిన్నర్ మాత్రం వద్దు, కొన్ని ప్లాస్టిక్ డబ్బాలను తినేస్తుంది. టర్పెంటాయిల్‌కు నిప్పంటుకుంటుంది కాబట్టి వంటింట్లో, దేవుడి దీపం దగ్గర ఈ పని పెట్టుకోవద్దు. మా అమ్మ తిట్లు వేరే.

అరిగినదేంటో గోరుతో చూడండి

అవుట్‌డ్రైవ్ ఇరుసును కిటికీ వెలుగులో పట్టుకుని, ఓరింగ్ తిరిగే చోట గోరును పొడవునా లాగండి. గోరు ఎక్కడైనా గాడిలో పడిందంటే ఆ ఇరుసు అరిగింది. అక్కడ ఎన్ని కొత్త ఓరింగులు వేసినా కారుతుంది. ఇది మన ప్రాంతంలో మామూలు కంటే తొందరగా వస్తుందని నా అనుభవం. బెజవాడ వైపు ఖాళీ స్థలాల్లో కృష్ణ ఇసుక, గుంటూరు వైపు నల్లరేగడి దుమ్ము. ఇసుక కోస్తుంది. నల్లరేగడి మెత్తగా ఓరింగ్ అంచులోకి దూరి, ఆయిల్‌తో కలిసి, సానరాయి ముద్దలా ఇరుసును రోజూ కొంచెం కొంచెం అరగదీస్తుంది. అల్యూమినియం ఇరుసులైతే ఇంకా త్వరగా. స్టీలువే వాడుకోండి.

గాడి లేదు, సన్నటి గీతలే ఉన్నాయంటే 1000 నంబరు పేపరును నీళ్లలో తడిపి, ఇరుసు చుట్టూ చుట్టి తిప్పండి. పొడవునా రుద్దొద్దు. పొడవునా పడిన ప్రతి గీతా ఆయిల్ బయటికి రావడానికి ఒక కాలవ.

డబ్బా అంచు చదునుగా ఉందో లేదో చూడాలి. అద్దం మీద 800 పేపరు పరిచి, డబ్బా అంచును దాని మీద ఎనిమిది ఆకారంలో నాలుగైదు సార్లు మెల్లగా తిప్పండి. అంచంతా ఒకేలా మెరిస్తే బాగుంది. స్క్రూ రంధ్రాల దగ్గరే మెరిసి మధ్యలో మెరవలేదంటే, గతంలో ఎవరో (చాలావరకు మీరే) అతిగా బిగించడం వల్ల అంచు రంధ్రాల దగ్గర ఉబ్బి, మధ్యలో లొత్త పడింది. అంచంతా ఒకేలా అయ్యేదాకా మెల్లగా రుద్దండి. మరీ ఎక్కువ తీయాల్సి వస్తే కొత్త డబ్బా కొనడమే నయం, ఎందుకంటే డబ్బా ఎత్తు తగ్గితే లోపలి గేర్లు ఒరుసుకుంటాయి.

అడ్డపిన్నులు, గేర్ల పళ్లు ఒక చూపు చూస్తే చాలు. పిన్ను మీద మెట్టు కనిపిస్తే మార్చండి.

ఓరింగ్

అసలు కథ ఇక్కడుంది.

నా కారులో కిట్‌తో వచ్చినవి ఎర్రటి, మెత్తటి ఓరింగులు. అవి వదులైతే ఒకటి పట్టుకుని ఆటోనగర్‌లో ఆయిల్ సీళ్లు అమ్మే షాపుకి వెళ్లాను. "ఇలాంటివే కావాలి బాబాయ్" అన్నాను.

ఆయన దాన్ని వేళ్ల మధ్య నలిపి, "ఏ ఆయిల్లో తిరుగుద్ది ఇది?" అన్నాడు.

"సిలికాన్ ఆయిల్లో."

"ఇది సిలికాన్ రబ్బరు. సిలికాన్ ఆయిల్లో సిలికాన్ రబ్బరు పెడితే ఉబ్బదా అబ్బాయ్? ఉప్పు బస్తా తీసుకెళ్లి బందరు కాలవలో దించినట్టుంది. నల్లది తీసుకో, నైట్రైల్."

సిలికాన్ ఆయిల్, సిలికాన్ రబ్బరు రెండూ ఒకే జాతివి. ఆయిల్ రబ్బరులోకి ఇంకి, ఓరింగ్ ఉబ్బి మెత్తబడి, తిరిగే ఇరుసుకు చుట్టుకుని చిరుగుతుంది. కొన్ని కిట్లలో తేలిగ్గా తిరుగుతుందని కావాలనే సిలికాన్‌వి ఇస్తారు. వాటితో ఇబ్బంది లేదనుకుంటే వాడుకోవచ్చు, కానీ డిఫ్ విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. నైట్రైల్‌వి ఎక్కువ కాలం నిలుస్తాయి. నాలుగు అంచులుండే ఎక్స్ ఆకారం రింగులు దొరికితే ఇంకా మంచిది. అంచుల మధ్య గాడుల్లో గ్రీజు నిలుస్తుంది, రాపిడి తక్కువ.

సైజు విషయంలో అంచనాలొద్దు. కొత్త ఓరింగ్ లోపలి వ్యాసం, మందం రెండూ వెర్నియర్‌తో కొలిచి తీసుకోండి. పాతదాన్ని కొలిస్తే ఉబ్బిన కొలత వస్తుంది. మందంగా ఉన్నది వేస్తే గట్టిగా పడుతుందిగా అన్న ఆశ కూడా వద్దు. డిఫ్ బరువుగా తిరుగుతుంది, మీరు పోసిన 3000 కాస్తా వేరే నంబరులా ప్రవర్తిస్తుంది, ఓరింగ్ కూడా వేడెక్కి తెగుతుంది.

ఇప్పుడు బిగించడం. ఇరుసు చివర సన్ గేరును పట్టే సన్నటి పిన్ను కోసం ఒక రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రం అంచు కత్తిలా ఉంటుంది. ఇరుసును నేరుగా తోస్తే ఆ అంచు ఓరింగ్ లోపలివైపును గీరుతుంది. బయటికి ఏమీ కనిపించదు, డిఫ్ మాత్రం మొదటి రోజే కారుతుంది. కొత్త ఓరింగులు వేసినా ఎందుకు కారుతోందని నేను నెలరోజులు తల పట్టుకున్నది దీని గురించే. రంధ్రం అంచును 1000 పేపరుతో మెత్తగా రుద్ది, వేలికి గుచ్చుకోకుండా చేయండి. ఓరింగ్‌కు చిక్కటి సిలికాన్ గ్రీజు పట్టించి గాడిలో కూర్చోబెట్టండి. ఆర్‌సీ వాళ్లలో చాలామంది టీమ్ అసోసియేటెడ్ వాళ్ల గ్రీన్ స్లైమ్ వాడతారు. ఇరుసుకు కూడా గ్రీజు రాసి, నేరుగా తోయకుండా తిప్పుతూ తిప్పుతూ లోపలికి పంపండి. రంధ్రం ఓరింగ్‌ను దాటే చోట ఒక్క క్షణం మరీ నెమ్మదించండి.

ఇక్కడే ఇంకొకటి చూడండి. ఇరుసును లోపలికీ బయటికీ కదిపితే పిసరంత ఆట ఉండాలి. అసలు కదలకపోతే షిమ్ ఎక్కువైంది, గేర్లు బిగుసుకుని వేడెక్కుతాయి. గలగలలాడితే షిమ్ తక్కువైంది, ఇరుసు ఊగిన ప్రతిసారీ ఓరింగ్ నోరు తెరుస్తుంది.

ఆయిల్ ఎంత?

నిండుకుండ తొణకదంటారు. డిఫ్ మాత్రం నిండితేనే కారుతుంది.

ఒక మే నెలలో గుంటూరులో స్నేహితుడి ఖాళీ ప్లాటులో ఆడుకుందామని రాత్రి ఏసీ గదిలో కూర్చుని మూడు డిఫ్‌లనూ అంచుదాకా నింపి మూశాను. పొద్దున బగ్గీని డిక్కీలో పడేసి మంగళగిరి మీదుగా వెళ్లి, టిఫిన్ చేసి, ఎండలో నిలిపిన డిక్కీ తెరిచేసరికి ఒక్క ల్యాప్ కూడా తిప్పని కారు కింద జిడ్డు మరక. సిలికాన్ ఆయిల్ ప్రతి డిగ్రీ వేడికీ దాదాపు వెయ్యోవంతు వ్యాకోచిస్తుంది. ఏసీ గదిలో పాతిక డిగ్రీల దగ్గర నింపింది పరుగులో డెబ్బై అయిదుకు చేరితే అయిదు శాతం ఉబ్బుతుంది. గాలి ఉంటే నొక్కుకుని చోటిస్తుంది. అంచుదాకా ఆయిలే ఉంటే అది ఓరింగ్‌ను నెట్టుకుని బయటికొస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో ఓరింగ్ ఎంత?

పోసే పద్ధతి ఇదీ. కింది సన్ గేరు పెట్టి, అది మునిగేదాకా ఆయిల్ పోయండి. స్పైడర్ గేర్లను పిన్నులతో సహా దించి, అటూ ఇటూ తిప్పుతూ బుడగలు పైకి రానివ్వండి. మళ్లీ పోయండి. అడ్డపిన్నులు మునిగి, స్పైడర్ గేర్ల పైఅంచు అప్పుడప్పుడే మునుగుతుండగా ఆపండి. డబ్బా అంచుకు ఇంకా ఒకటి, ఒకటిన్నర మి.మీ. ఖాళీ ఉండాలి. మీ కిట్ పుస్తకంలో గీత చూపించి ఉంటే దాన్నే పాటించండి.

తర్వాత వదిలేయండి. 3000 అయితే అరగంట, 7000 దాటితే గంట పైనే. పంపుతో గాలి లాగే పరికరాలున్నాయి, పది నిమిషాల్లో పని అవుతుంది. అవి లేకపోయినా పర్లేదు. ఏసీ ఆపేసి దుమ్ము పడకుండా గిన్నె బోర్లించండి, బెజవాడ వేడి ఆ పనేదో అదే చూసుకుంటుంది.

ఇప్పుడు కాటా. ఖాళీ డిఫ్‌ను, మూతతో స్క్రూలతో కలిపి, ముందే తూచి రాసుకోండి. నింపాక మళ్లీ తూచండి. తేడాయే మీ ఆయిల్ బరువు. వచ్చేసారి కళ్లతో అంచనా వేయకుండా అదే బరువు పోస్తే కారు నడక ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. నెల తర్వాత విప్పకుండానే డిఫ్‌ను బయట తుడిచి తూస్తే ఎంత కారిందో కూడా తెలుస్తుంది.

రెండు ఆయిళ్లు కలపాల్సి వస్తే ఒక మాట. 5000, 10000 చెరిసగం కలిపితే 7500 రాదు, ఏడు వేలకు దగ్గరగా వస్తుంది. పల్చటిది ఎప్పుడూ కాస్త ఎక్కువ లాగుతుంది. ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ లాంటివి పోసే ప్రయోగాలొద్దు. వేడెక్కితే సిలికాన్ కంటే చాలా ఎక్కువగా పల్చబడతాయి.

మూయడం

రింగ్ గేరు అంచు, డబ్బా అంచు రెండూ జిడ్డు లేకుండా తుడవండి. కొత్త పేపర్ గ్యాస్కెట్ పెట్టండి, పాతది ఎంత బాగున్నా సరే. గ్యాస్కెట్‌కు పల్చగా గ్రీజు రాస్తే కదలకుండా కూర్చుంటుంది. లారీల వాళ్లలా సిలికాన్ గ్యాస్కెట్ పేస్టు పూయాలనిపిస్తుంది. ఆ పేస్టు సిలికాన్ ఆయిల్ జిడ్డు మీద అసలు పట్టదు, ఎండిన తునక ఊడి లోపల గేర్ల మధ్య పడుతుంది. గ్యాస్కెట్ లేని డిజైన్ అయితే అంచులో ఉండే పెద్ద ఓరింగే ఆ పని చేస్తుంది.

ప్లాస్టిక్ డబ్బాలో స్క్రూ పెట్టేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. ఒకచోట టిక్కున దిగినట్టు తెలుస్తుంది, అక్కడి నుంచి ముందుకు తిప్పితే పాత మరలోనే కూర్చుంటుంది. అలా చేయకపోతే ప్రతిసారీ కొత్త మర కోసుకుంటూ నాలుగోసారికి రంధ్రం గుల్లవుతుంది. నాలుగు స్క్రూలనూ ఎదురెదురుగా, తలా పావు చుట్టు చొప్పున బిగించండి. గ్యాస్కెట్ నొక్కుకుని వేళ్లకు అడ్డు తగలగానే ఇంకో పిసరు బిగించి ఆపండి. డ్రైవర్‌ను అరచేత్తో కాకుండా మూడు వేళ్లతో పట్టుకుంటే అతి చేయాలన్నా కుదరదు. కరెంటు డ్రైవర్ ఈ పనికి పనికిరాదు.

గేర్‌బాక్స్‌లో పెట్టే ముందు బేరింగులు చూడండి. వేలి మీద పెట్టి తిప్పితే గరగరమన్నా, పక్కకు ఊగినా మార్చేయండి. బేరింగ్ ఊగితే ఇరుసు ఊగుతుంది, ఇరుసు ఊగితే ఎంత మంచి ఓరింగైనా ఒకవైపు ఖాళీ వదులుతుంది. 1/8 బగ్గీల్లో చాలావాటికి 8×16×5 మి.మీ. బేరింగులు పడతాయి. ఆటోనగర్ బేరింగ్ షాపుల్లో 688 అని అడగండి, వెడల్పు 5 ఉందో లేదో చూసుకుని, రెండువైపులా రబ్బరు మూత ఉన్నవి తీసుకోండి.

గేర్‌బాక్స్‌లో పెట్టకముందే టిష్యూ మీద మళ్లీ రెండు రాత్రుల పరీక్ష, ఒక్కో అవుట్‌డ్రైవ్ మీద ఒక్కో రాత్రి. ఓపిక లేకపోతే ఒక రాత్రి చాలు, కానీ పందెం ముందురోజు మాత్రం డిఫ్ విప్పే పని పెట్టుకోకండి. ఇది టెన్షన్‌లో చేసే పని కాదు.

కొత్త గేర్లతో కట్టిన డిఫ్‌లో మొదటి ఆయిల్‌ను నాలుగైదు పరుగులకే మార్చండి, గేర్లు ఒకదానికొకటి కుదురుకుంటూ రాల్చిన ఇనుప పొడి వల్ల అది బూడిదరంగు తిరిగి ఉంటుంది. ఆ తర్వాత నేను నాలుగు ఆదివారాలకోసారి మారుస్తాను. ఆడొచ్చిన రోజు అవుట్‌డ్రైవ్‌ల చుట్టూ దుమ్మును పెయింట్ బ్రష్‌తో దులపండి. నీళ్ల పైపు, గాలి పంపు ఓరింగ్‌కు ఎదురుగా పెట్టొద్దు, దుమ్ము లోపలికి దూరుతుంది. డిక్కీలో కారును పక్కకు పడుకోబెట్టకుండా నాలుగు చక్రాల మీదే పెట్టండి. గేర్‌బాక్స్ మీద చిన్న టేపు ముక్క అంటించి తేదీ, ఆయిల్ నంబరు, బరువు రాసుకోండి. మూడు డిఫ్‌లలో ఏది ఎప్పుడు విప్పామో నెల తిరిగేసరికి మరిచిపోతాం.